అంతరిక్షం నుంచి డేటా: వేగం పెంచాలంటే ఎక్కడ మార్చాలి?

2023 డిసెంబర్ 11న సైకీ అనే నాసా వ్యోమనౌక భూమికి 15 సెకన్ల వీడియో ఒకటి పంపింది. అందులో ఒక పిల్లి లేజర్ చుక్క వెంట పరుగెత్తుతుంటుంది. అప్పటికి ఆ నౌక మనకు 3.1 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. వీడియో రేడియోలో కాకుండా లేజర్ కాంతి ద్వారా సెకనుకు 267 మెగాబిట్ల చొప్పున వచ్చింది. ఇళ్లలో వాడే మంచి ఫైబర్ కనెక్షన్ వేగం దాదాపు ఇంతే ఉంటుంది. పిల్లి వీడియో కాబట్టి వార్త ప్రపంచమంతా పాకింది. దాంతోపాటు రెండు అపోహలు కూడా పాకాయి. లేజర్ వల్ల సందేశం భూమికి త్వరగా చేరుతుందన్నది మొదటిది. ఇక రేడియో యాంటెన్నాల పని అయిపోయినట్టేనన్నది రెండోది. ఈ రెండూ నిజం కావు. ఎందుకు కావో తెలుసుకోవాలంటే అసలు అంతరిక్షం నుంచి డేటా ఎలా వస్తుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో మొదటి నుంచి చూడాలి.

డేటా రేటు వేరు, ఆలస్యం వేరు

ఒక సెకనులో ఎన్ని బిట్లు చేరుతున్నాయో చెప్పేది డేటా రేటు. మొదటి బిట్ బయలుదేరి ఇక్కడికి చేరడానికి పట్టే సమయం ఆలస్యం. రేడియో తరంగమైనా లేజరైనా కాంతి వేగంతోనే ప్రయాణిస్తాయి, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. పిల్లి వీడియో భూమికి చేరడానికి 101 సెకన్లు పట్టింది. అదే వీడియోను రేడియోలో పంపినా మొదటి బిట్ సరిగ్గా అంతే సమయానికి వచ్చేది, చివరి బిట్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చేది. అంగారకుడి నుంచి కబురు రావడానికి గ్రహాల స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఏ అప్‌గ్రేడూ దీన్ని తగ్గించలేదు.

ఇంకో చిన్న విషయం కూడా ఇక్కడే చెప్పుకుంటే మేలు. రేటును బిట్లలో, ఫైలు సైజును బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైట్. కింది లెక్కల్లో ఇది పనికొస్తుంది.

దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతే

నౌక నుంచి బయలుదేరిన సిగ్నల్ ముందుకు పోయేకొద్దీ విప్పారుతుంది. దూరం రెట్టింపైతే అది పరుచుకునే వైశాల్యం నాలుగింతలవుతుంది. మన డిష్ సైజు మారదు కాబట్టి దానికి దక్కేది నాలుగో వంతు. దూరం పదింతలైతే వందో వంతు. దాదాపు అదే నిష్పత్తిలో డేటా రేటు కూడా పడిపోతుంది.

సైకీ ప్రయోగంలో ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. 2024 ఏప్రిల్‌లో నౌక 22.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు గరిష్ఠంగా సెకనుకు 25 మెగాబిట్లు వచ్చాయి. జూన్‌లో దూరం 39 కోట్ల కిలోమీటర్లకు పెరిగింది. అంటే సుమారు 1.73 రెట్లు. దాని వర్గం 3. 25ను 3తో భాగిస్తే 8.3. ఆ రోజు నిజంగా నమోదైన గరిష్ఠ రేటు కూడా 8.3 మెగాబిట్లే.

మరి మొదటి అంకె? 3.1 కోట్ల నుంచి 22.6 కోట్లకు దూరం 7.3 రెట్లు పెరిగింది, వర్గం 53. 267ను 53తో భాగిస్తే 5 మెగాబిట్లే రావాలి. కానీ 25 వచ్చాయి. సూత్రం తప్పలేదు. 267 అన్నది ఆ పరికరం పంపగలిగే గరిష్ఠ పరిమితి. దగ్గరగా ఉన్న రోజుల్లో అంతకంటే ఎక్కువ మోయగల సిగ్నల్ ఉన్నా, పంపే పరికరం అక్కడే ఆగిపోయింది. వార్తల్లో ఒక వేగం అంకె కనబడితే అది దూరం విధించిన పరిమితా, పరికరం విధించిన పరిమితా అని చూడాలి. ఏ దూరంలో సాధించారో చెప్పకుండా వేగం ఒక్కటే చెబితే దానికి అర్థం లేదు.

నౌకను ముట్టుకోకుండా రేటు పెంచిన వాళ్లు

రేటు పెంచడానికి ఉన్న దారులు కొన్నే. నౌకలో ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచవచ్చు. నౌకలో గానీ భూమ్మీద గానీ డిష్ పెద్దది చేయవచ్చు. ఫ్రీక్వెన్సీ పెంచవచ్చు. రిసీవర్‌లో రొద తగ్గించవచ్చు. తప్పులను సరిదిద్దే కోడింగ్, డేటాను కుదించే పద్ధతులు మెరుగుపరచవచ్చు. అయితే నౌక ఒకసారి ఎగిరిపోయాక దానిలో హార్డ్‌వేర్ మార్చలేం. మిగిలేది భూమ్మీద మనం చేసుకునే మార్పులు, ఇక్కడి నుంచి పంపగల సాఫ్ట్‌వేర్.

వాయేజర్-2 ఇందుకు మంచి ఉదాహరణ. 1979లో గురుగ్రహం దగ్గర వాయేజర్లు సెకనుకు 115 కిలోబిట్లు పంపాయి. 1989లో నెప్ట్యూన్ దగ్గరికి చేరేసరికి దూరం దాదాపు ఆరింతలైంది. వర్గం లెక్కన రేటు 3 కిలోబిట్ల దగ్గరికి పడిపోవాలి. కానీ 21.6 కిలోబిట్లు వచ్చాయి. ఎలా? సుదూర నౌకలతో మాట్లాడే నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లోని 64 మీటర్ల డిష్‌లను 70 మీటర్లకు పెంచారు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌నూ, న్యూ మెక్సికోలో ఒక్కొక్కటి 25 మీటర్లుండే 27 డిష్‌ల వరుసనూ తోడు తీసుకున్నారు. వేర్వేరు డిష్‌లు పట్టిన బలహీనమైన సిగ్నళ్లను ఒకటిగా కలిపారు. నౌకలో కుదింపు, కోడింగ్ పద్ధతులను ఇక్కడి నుంచే మార్చారు.

గెలీలియో నౌక కథ ఇంకా కష్టమైనది. 1991లో గురుగ్రహం వైపు వెళ్తుండగా దాని పెద్ద యాంటెన్నా గొడుగులా పూర్తిగా తెరుచుకోలేదు. సెకనుకు 134 కిలోబిట్లు పంపాల్సిన నౌకకు చిన్న యాంటెన్నా ఒక్కటే మిగిలింది. దానితో వచ్చేది సెకనుకు 10 బిట్లు. కిలోబిట్లు కాదు, బిట్లు. ఇంజనీర్లు వదిలిపెట్టలేదు. నౌకలోని కంప్యూటర్లకు కొత్త కుదింపు, కోడింగ్ సాఫ్ట్‌వేర్ పంపారు, భూమ్మీద డిష్‌లను కలిపారు, ఫొటోలను టేపులో దాచుకుని నెలల తరబడి మెల్లగా దించుకున్నారు. రేటు 160 బిట్ల దాకా పెరిగింది. పోయిందనుకున్న మిషన్ అనుకున్న శాస్త్ర లక్ష్యాల్లో దాదాపు 70 శాతం సాధించింది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కదిలించే ఘట్టం ఇదే. అప్‌గ్రేడ్ అనగానే కొత్త పరికరమే గుర్తుకొస్తుంది, కానీ ఇక్కడ నౌకకు ఒక్క గ్రాము కూడా కలపకుండా రేటును 16 రెట్లు పెంచారు.

ఎస్, ఎక్స్, కా బ్యాండ్లు: పైకి వెళ్లేకొద్దీ వచ్చేది, పోయేది

అంతరిక్ష రేడియోలో ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. ఎస్ బ్యాండ్ సుమారు 2 గిగాహెర్ట్జ్, ఎక్స్ బ్యాండ్ 8, కా బ్యాండ్ 26 నుంచి 32. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రెండు లాభాలు. అదే సైజు డిష్ నుంచి సిగ్నల్ మరింత సన్నగా వెళ్తుంది కాబట్టి ఎక్కువ భాగం మనకు చేరుతుంది. రెండోది, చోటు. సుదూర మిషన్లు డేటా పంపడానికి ఎక్స్ బ్యాండ్‌లో 50 మెగాహెర్ట్జ్ మాత్రమే కేటాయించారు. కా బ్యాండ్‌లో 500. భూమిని పరిశీలించే ఉపగ్రహాలకు ఎక్స్‌లో 375 మెగాహెర్ట్జ్ ఉంటే, కాలో 1,500 ఉంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహానికి ఈ చోటు తప్పనిసరి. నాసా, ఇస్రో కలిసి చేసిన ఈ రాడార్ ఉపగ్రహం డేటా నుంచి రోజుకు దాదాపు 80 టెరాబైట్ల సమాచారం తయారవుతుందని నాసా అంచనా. ఇది భూమ్మీద ప్రాసెస్ చేశాక వచ్చే మొత్తం, ఆకాశం నుంచి దిగేది ఇంతకంటే తక్కువే. అయినా అది కూడా ఎక్స్ బ్యాండ్‌లో సులువుగా పట్టేది కాదు, అందుకే కా బ్యాండ్‌లో గిగాబిట్ల వేగంతో పంపుతారు.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక గ్రౌండ్ స్టేషన్‌కు ఒక్కసారి కనబడేది సుమారు 10 నిమిషాలు. సెకనుకు 3 గిగాబిట్లు అనుకుంటే 600 సెకన్లలో 1,800 గిగాబిట్లు, అంటే 225 గిగాబైట్లు దిగుతాయి. రోజుకు అలాంటి అవకాశాలు ఎన్ని వస్తాయన్నది స్టేషన్ ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు 14, 15 చుట్లు కొడుతుంది. హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం స్టేషన్‌కు వాటిలో కొన్నే కనబడతాయి. ధ్రువానికి దగ్గరున్న స్టేషన్‌కు మాత్రం చాలావరకు కనబడతాయి. అదే సంస్థ అంటార్కిటికాలోని భారతి కేంద్రం దగ్గర కూడా డేటా అందుకునే స్టేషన్ నడపడానికి కారణం ఇదే. ఉపగ్రహంలో ఏమీ మార్చకుండా సరైన చోట ఇంకో డిష్ పెట్టినా రోజుకు దిగే డేటా పెరుగుతుంది.

కా బ్యాండ్‌తో వచ్చే ఇబ్బంది వాన. గట్టి వాన పడితే ఇంట్లో డీటీహెచ్ బొమ్మ ఆగిపోతుంది కదా, ఆ సిగ్నల్ కంటే కా బ్యాండ్ ఫ్రీక్వెన్సీ ఇంకా ఎక్కువ, కాబట్టి వానకు ఇంకా లొంగుతుంది. డిష్ ఉపరితలం కూడా మరింత నునుపుగా ఉండాలి. 32 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగ దైర్ఘ్యం సెంటీమీటరు లోపే. ఉపరితలంలో ఎత్తుపల్లాలు అందులో చిన్న వంతును మించకూడదు. వందల టన్నుల డిష్‌ను అటూ ఇటూ వంచుతూ, ఎండకూ చలికీ దాని ఆకారాన్ని అంత కచ్చితంగా నిలపడం తేలిక కాదు. నాసా 70 మీటర్ల డిష్‌లు కా బ్యాండ్‌ను అందుకోవు. ఆ పని 34 మీటర్లవే చేస్తాయి.

లేజర్: 28 లక్షల రెట్ల లాభం 100 రెట్లకు ఎందుకు తగ్గుతుంది

లేజర్ గొప్పదనమంతా సన్నదనంలోనే ఉంది. 3 మీటర్ల డిష్ నుంచి ఎక్స్ బ్యాండ్‌లో బయలుదేరిన సిగ్నల్ 22.5 కోట్ల కిలోమీటర్లు దాటేసరికి సుమారు 27 లక్షల కిలోమీటర్ల వెడల్పుకు విప్పారుతుంది. భూమి వ్యాసానికి 200 రెట్లకు పైగా. అందులో చాలా భాగం శూన్యంలోకి పోయినట్టే. సైకీలోని లేజర్ పరికరం టెలిస్కోప్ వ్యాసం 22 సెంటీమీటర్లే. అయినా దాని పుంజం అదే దూరంలో 1,600 కిలోమీటర్లే విస్తరిస్తుంది. వైశాల్యం లెక్కన దాదాపు 28 లక్షల రెట్లు చిక్కగా ఉంటుంది.

అయితే నాసా చెప్పే లాభం రేడియో కంటే 10 నుంచి 100 రెట్లే. మిగతాది ఎక్కడ పోయింది? మొదట, శక్తి. అంగారకుడి ఆర్బిటర్ ఎంఆర్ఓలో రేడియో ట్రాన్స్‌మిటర్ 100 వాట్లు, సైకీ లేజర్ 4 వాట్లు. రెండు, ఇక్కడ అందుకునే అద్దం. సైకీ సిగ్నల్‌ను పట్టింది కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీది హేల్ టెలిస్కోప్, వ్యాసం 5 మీటర్లు. 34 మీటర్ల డిష్‌తో పోలిస్తే వైశాల్యం 46వ వంతు. మూడు, ఫోటాన్ల, అంటే కాంతి కణాల శక్తి. ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌లో ఒక్కో ఫోటాన్‌కు ఖర్చయ్యే శక్తి ఎక్స్ బ్యాండ్ ఫోటాన్ కంటే దాదాపు 23 వేల రెట్లు. అదే శక్తికి వచ్చే ఫోటాన్లు అన్ని రెట్లు తక్కువ. అందుకే పాలోమార్‌లో అతిశీతల డిటెక్టర్లతో ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఇన్ని అడ్డంకులున్నా పదింతలకు మించి లాభం మిగలడం నిజంగా పెద్ద విజయమే.

గురి పెట్టడం ఇంకో పరీక్ష. 22.5 కోట్ల కిలోమీటర్లు రావడానికి కాంతికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ లోపు భూమి తన కక్ష్యలో 22 వేల కిలోమీటర్లు ముందుకు జరిగిపోతుంది. పుంజం వెడల్పు 1,600 కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి భూమి ఇప్పుడు కనబడుతున్న చోటికి కాకుండా, కాసేపట్లో చేరబోయే చోటికి గురి పెట్టాలి. దారి తెలియడానికి కాలిఫోర్నియాలోనే టేబుల్ మౌంటెన్ నుంచి ఇంకో లేజర్‌ను నౌక వైపు వెలిగించారు.

వీటికి ఇంజనీరింగ్‌లో సమాధానాలు దొరికాయి. మబ్బులకు మాత్రం దొరకలేదు. వాన కా బ్యాండ్‌ను బలహీనపరుస్తుంది, మబ్బు లేజర్‌ను పూర్తిగా ఆపేస్తుంది. దానికి ఉన్న మార్గం ఒక్కటే, వేర్వేరు వాతావరణాలున్న చోట్ల పలు స్టేషన్లు కట్టడం. 2025 సెప్టెంబర్‌లో సైకీ లేజర్ ప్రయోగం ముగిసింది. నౌక మాత్రం సైకీ గ్రహశకలం వైపు వెళ్తూ తన రోజువారీ మాటలను రేడియోలోనే చెబుతోంది.

అసలు ఇరుకు భూమ్మీద ఉంది

రేటు గురించే మాట్లాడుతుంటే మరుగునపడే విషయం, డిష్ దొరికే సమయం. రోజుకు దిగే డేటా అంటే రేటును సమయంతో గుణించగా వచ్చేది. 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కా బ్యాండ్‌లో సెకనుకు 28 మెగాబిట్లు పంపుతుంది. రోజుకు 57 గిగాబైట్లు దించాలంటే, 57ను 8తో గుణించి 28 మెగాబిట్లతో భాగిస్తే, సుమారు 16,300 సెకన్లు. నాలుగున్నర గంటలు. ఒక్క టెలిస్కోప్ కోసం ఒక 34 మీటర్ల డిష్ ప్రతిరోజూ అంతసేపు అటే చూస్తూ ఉండాలి.

డీప్ స్పేస్ నెట్‌వర్క్‌కు మూడే కేంద్రాలు. కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర ఒకటి, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర ఒకటి. భూమి ఎటు తిరిగినా ఏదో ఒక కేంద్రానికి నౌక కనబడేలా పెట్టారు. ఒక్కో చోట ఒక 70 మీటర్ల డిష్, కొన్ని 34 మీటర్లవి. సుమారు 40 మిషన్లు వీటినే పంచుకుంటాయి. కొన్ని సమయాల్లో అడిగే గంటలు ఉన్నవాటి కంటే 40 శాతం దాకా ఎక్కువగా ఉంటున్నాయని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2023లో చెప్పింది. 2022 చివర్లో మనుషుల ప్రయాణానికి పరీక్షగా పంపిన ఆర్టెమిస్-1 చంద్రుడి దాకా వెళ్లొచ్చినప్పుడు కొన్ని శాస్త్ర మిషన్ల సమయాన్ని కోయాల్సి వచ్చింది. మనుషులు ప్రయాణించే నౌకలకు సహజంగానే మొదటి ప్రాధాన్యం. అంటే చంద్రుడి మీదికి మనుషుల రాకపోకలు పెరిగేకొద్దీ, దూరాన ఒంటరిగా పనిచేసే నౌకలకు దక్కే గంటలు తగ్గుతాయి. ఈ సంగతికి రావాల్సినంత ప్రచారం రాలేదని నా అభిప్రాయం.

పైగా అప్‌గ్రేడ్ చేయడమంటే ఉన్నదాన్ని ఆపడమే. కాన్‌బెర్రాలోని 70 మీటర్ల డిష్‌ను 2020 మార్చి నుంచి సుమారు 11 నెలలు పనుల కోసం ఆపారు. వాయేజర్-2 ఉన్న దిశ ఉత్తరార్ధగోళానికి కనబడదు. దానికి ఆదేశాలు పంపగల శక్తి ఉన్నది ఆ డిష్ ఒక్కదానికే. ఆ కాలమంతా నౌక చెప్పేది చిన్న డిష్‌లతో విన్నారు కానీ, పరీక్షగా పంపిన ఆదేశాలు తప్ప తిరిగి ఏమీ చెప్పలేకపోయారు. 2025 సెప్టెంబర్‌లో గోల్డ్‌స్టోన్‌లోని 70 మీటర్ల డిష్ హద్దు దాటి తిరగడంతో కేబుళ్లు, పైపులు దెబ్బతిని పని ఆగింది. దశాబ్దాల వయసున్న ఇనుము అది.

మన దేశంలో బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల డిష్ ఉంది. చంద్రయాన్-1 కోసం హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. 2008 నుంచి చంద్రుడు, అంగారకుడు, సూర్యుడి మిషన్లన్నిటికీ అదే ముఖ్యమైన చెవి. కానీ భూమి తిరుగుతుంటే ఒక్క చోటి నుంచి రోజులో కొన్ని గంటలే నౌక కనబడుతుంది. మిగతా గంటలకు నాసా, యూరప్ స్టేషన్ల సాయం తీసుకుంటున్నాం, చంద్రయాన్-3కి కూడా తీసుకున్నాం.

పెద్ద డిష్‌లా, చిన్నవాటి గుంపా, లేక తక్కువ పంపడమా

ఇక ముందు ఏం కట్టాలన్న దగ్గర నిపుణుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఒక 70 మీటర్ల డిష్‌కు బదులు నాలుగు 34 మీటర్లవి కలిపితే వైశాల్యం దాదాపు సమానం. 70 వర్గం 4,900, నాలుగు 34ల వర్గాలు కలిపితే 4,624. ఒకటి పాడైనా మూడు పనిచేస్తాయి, అవసరం లేనప్పుడు నాలుగూ నాలుగు మిషన్లను చూసుకుంటాయి. నాసా చాలాకాలంగా ఇటే మొగ్గింది. అయితే అత్యవసరంలో దారి తప్పిన నౌకకు బలమైన ఆదేశం పంపాలంటే ఒక్క పెద్ద డిష్, దాని పెద్ద ట్రాన్స్‌మిటర్ సులువు. వినడానికి సిగ్నళ్లను కలపడం కంటే పంపడానికి కలపడం చాలా కష్టం.

భూమికి దగ్గరి పనులను ప్రైవేటు సంస్థలకు అప్పగిస్తే ప్రభుత్వ డిష్‌లు సుదూర మిషన్లకు మిగులుతాయన్నది ఇంకో వాదన. 2024 నవంబర్ నుంచి ఇతర ఉపగ్రహాల డేటాను అందుకుని భూమికి చేరవేసే తన టీడీఆర్ఎస్ రిలే ఉపగ్రహాల మీదికి నాసా కొత్త మిషన్లను తీసుకోవడం మానేసి, వాటిని వాణిజ్య సేవల వైపు మళ్లిస్తోంది. ఖర్చు తగ్గుతుందన్నది నిజం. సుదూర మిషన్ల కస్టమర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నప్పుడు ఆ పెద్ద డిష్‌లను ఎవరు కడతారన్న ప్రశ్నకు మాత్రం ఈ వాదన దగ్గర జవాబు లేదు.

అసలు అంత డేటా పంపడం దేనికి, నౌకలోనే వడపోసి ముఖ్యమైనదే పంపవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. గెలీలియో ఒక విధంగా అదే చేసింది. కానీ ఏది ముఖ్యమో ముందే తెలిస్తే కదా వడపోసేది. 2015 జులైలో ప్లూటోను దాటిన న్యూ హొరైజన్స్ తన 50 గిగాబిట్లనూ నౌకలోనే ఉంచుకుని, సెకనుకు ఒకటి రెండు కిలోబిట్ల చొప్పున 2016 అక్టోబర్ దాకా పంపుతూనే ఉంది. శాస్త్రవేత్తలు 15 నెలలు ఆగారు కానీ దేన్నీ పారేయలేదు. నేనూ ఆ పక్షమే. మళ్లీ వెళ్లలేని చోటి డేటాను మన ఊహను బట్టి వదులుకోవడం సరికాదు.

రేడియో, లేజర్‌ల మధ్య పోటీకి గోల్డ్‌స్టోన్‌లోనే ఒక రాజీ దారి కనబడుతోంది. అక్కడి ఒక ప్రయోగాత్మక 34 మీటర్ల డిష్ మధ్యలో ఏడు చిన్న అద్దాలు అమర్చి, ఒకేసారి రేడియోనూ లేజర్‌నూ అందుకున్నారు. 2023 చివర్లో 3.2 కోట్ల కిలోమీటర్ల నుంచి సైకీ లేజర్‌ను సెకనుకు 15.63 మెగాబిట్ల చొప్పున పట్టగలిగారు. పాలోమార్ అందుకున్న దానిలో ఇది చిన్న వంతే, అద్దాల వైశాల్యం అంత తక్కువ మరి. ఆ ఏడింటిని 64 చేస్తే 8 మీటర్ల టెలిస్కోప్‌తో సమానమవుతుంది. మబ్బు కమ్మిన రోజు అదే డిష్ రేడియో వింటుంది, ఆకాశం తేటగా ఉన్న రోజు రెండూ వింటుంది. విడిగా లేజర్ టెలిస్కోపులు కట్టే ఖర్చూ తగ్గుతుంది. అయితే ఇప్పటికే గంటలు చాలని డిష్‌లనే ఇందుకు కూడా వాడుకోవాలి. కాబట్టి అద్దాలతోపాటు డిష్‌ల సంఖ్య కూడా పెరగాల్సి ఉంటుంది.